జాతీయ పతాకమునకు రూపు దిద్దిన తెలుగువాడు

ఆస్ట్రేలియా దేశమున టూవూంబా మొదలగు పట్టణములలో స్థిరపడిన మన కుటుంబముల పిల్లలు సెలవులకు దీవికి వచ్చినప్పుడు భారత పతాకమును చూచి, దీనిని గీసినవారెవరని అడుగుచుందురు. ఇది తెలుగు ఇంట సమాధానము దొరకవలసిన ప్రశ్న. గీసినవారు మన తెలుగువారే. పేరు పింగళి వెంకయ్యగారు.

వెంకయ్యగారు 1876 ఆగస్టు 2వ తేదీన కృష్ణా జిల్లాలో, అద్దకపు బట్టలకు పేరుపడిన బందరుకు చేరువనున్న భట్లపెనుమర్రు గ్రామమున జన్మించిరి. తండ్రి హనుమంతరాయుడుగారు, తల్లి వెంకటరత్నమ్మగారు. యౌవనమున సైన్యములో చేరి బోయరు యుద్ధకాలమున దక్షిణాఫ్రికాకు వెళ్లిరి. గాంధీ మహాత్మునితో పరిచయము అచ్చటనే కలిగెను. మన తాతముత్తాతలవలె ఒప్పందపు కాగితముపై వేలిముద్ర వేసి, మదరాసున ఓడ ఎక్కిన తెలుగు కూలీలు 1860 మొదలుకొని నేటాలు చెరకు తోటలలో పాటుపడిన దేశమది.

స్వదేశమునకు మరలిన పిదప కూడ ఆయన ఒక గదిలో కూర్చుండి కాలము గడపలేదు. పొలములు, నేలలు, రాళ్లు ఆయనకు ప్రీతి. కంబోడియా ప్రత్తి సాగును స్వయముగా పరిశీలించుటచే జనులు ‘పత్తి వెంకయ్య’ అనిరి. వజ్రములు దొరకు నేలలను శోధించుటచే ‘డైమండ్ వెంకయ్య’ అనిరి. జపాను భాష నేర్చి ధారాళముగా మాటలాడుటచే ‘జపాన్ వెంకయ్య’ అనియు పిలిచిరి. ఇన్ని మారుపేర్లు పడిన మనుష్యుడు అరుదు! బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ఉపాధ్యాయులుగా పనిచేసి పిల్లలకు తన విద్యను పంచిరి.

పతాకముల పని ఎవరును జీతమిచ్చి చేయించినది కాదు. నానాదేశముల జెండాలను పరిశీలించి, భారతదేశమునకు తగిన ముప్పది నమూనాలతో 1916లో ఆంగ్లమున ఒక చిన్న గ్రంథము ప్రకటించిరి. గిరిమిట్ కూలీలతో కడపటి ఓడ ‘సట్లెజ్’ ఫిజీ చేరినదియు ఆ సంవత్సరముననే. తరువాత జరిగిన కాంగ్రెసు సభలకెల్ల వెళ్లి, నాయకులను కలిసి తన నమూనాలను చూపుచుండిరి. చూచి మెచ్చినవారు కలరు, పట్టించుకొనినవారు తక్కువ.

1921 మార్చి నెలాఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమయ్యెను. అచ్చట గాంధీజీ వెంకయ్యగారిని పిలిచి, ఎరుపు ఆకుపచ్చ రంగులపై రాట్నముగల జెండా గీసి ఇమ్మనిరి. రాట్నము ఉండవలెనను సూచన జలంధరు వాస్తవ్యులైన లాలా హంసరాజుగారిది. వెంకయ్యగారు మూడు గంటలలో జెండా సిద్ధము చేసిరి; అయినను సభవారి ముందు పెట్టుటకు కొంచెము ఆలస్యమయ్యెను. ఆ ఆలస్యము మేలే చేసినదని గాంధీజీ పిమ్మట ‘యంగ్ ఇండియా’ పత్రికలో వ్రాసిరి. హిందూ మహమ్మదీయులకే గాక ఇతర మతముల వారికిని చోటుండవలెనని ఈలోగా ఆయనకు తోచుటచే తెలుపు రంగు చేరెను.

ఇచ్చట ఒక మాట నిజముగా చెప్పుకొనవలెను. నేటి పతాకమునందలి ప్రతి గీతయు వెంకయ్యగారిదే అనుట అతిశయోక్తి. 1931లో కాంగ్రెసువారు ఎరుపునకు బదులు కాషాయమును గైకొని, రంగుల వరుస మార్చిరి. 1947 జూలై 22న రాజ్యాంగ సభవారు రాట్నము తీసి అశోకుని ధర్మచక్రమును నిలిపిరి. కాని తొలి రూపము ఆయనది. జాతికొక జెండా కావలెనని ఏండ్ల తరబడి తిరిగిన శ్రమ ఆయనది. ఉన్నంత గౌరవము ఇచ్చినచో చాలును, అదియే గొప్పది. లేనిది కల్పించినచో ఉన్నదియు సందేహమునకు గురియగును.

కడపటి దినములు పేదరికమున గడిపి 1963 జూలై 4న ఆయన కన్నుమూసిరి. ఆయన చిత్రముతో భారత తపాలాశాఖ బిళ్ల వెలువరించినది 2009లో, అనగా 46 ఏండ్లకు! తపాలా బిళ్లలు కూర్చు పిల్లలు మన ఇండ్లలో ఉన్నచో దానిని వెదకుదురు గాక.

ఆగస్టు పండుగకు బాలబాలికలచే జెండా కుట్టించు తల్లులకొక సూచన: ఎత్తు రెండు పాళ్లు, పొడవు మూడు పాళ్లు, మూడు పట్టీలును సమానము, పైన కాషాయము, నడుమ తెలుపు, క్రింద ఆకుపచ్చ. తెల్ల పట్టీ నడుమ ముదురు నీలపు చక్రమునకు ఆకులు 24. గీయించునపుడు లెక్కపెట్టించుడు.