లాక్స్‌టన్: గట్లు లేని పొలాల ఊరు

ఈ ఎపిసోడ్‌లో ఇంగ్లండ్‌లోని ఒక చిన్న పారిష్ గురించి చెప్పుకుందాం. పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే ఊరూ, దాని పొలిమేరలోని భూములూ అన్నమాట. ఈ ఊరి పేరు లాక్స్‌టన్, నాటింగ్‌హామ్‌షైర్ జిల్లాలో ఉంది. నేల బరువైన బంకమట్టి.

ఈ ఊరి ప్రత్యేకత ఏమిటంటే, ఇక్కడ మూడు పెద్ద పొలాలున్నాయి: వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్. మధ్యలో కంచెలు లేవు, గట్లు లేవు. ప్రతి రైతుకూ మూడింట్లోనూ అక్కడో చెక్క, ఇక్కడో చెక్క. ఎందుకలా? మంచి నేలా, చవిటి నేలా ఒక్కడికే పడకుండా! ఒక పొలంలో గోధుమ, ఇంకోదాంట్లో వసంతకాలపు పంట, మూడోది బీడు. ఏటేటా ఇవి మారుతుంటాయి.

ఒకప్పుడు ఇంగ్లండ్‌లో చాలా ఊళ్లు ఇలాగే ఉండేవి. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు 5,200కు పైగా చట్టాలు చేసి, ఉమ్మడి భూములకు కంచెలు వేయించింది. పశువులు మేపుకునే హక్కు పోయి పేదవాళ్లు కూలీలయ్యారు. లాక్స్‌టన్ ఎలా తప్పించుకుందయ్యా అంటే, ఇద్దరు పెద్ద భూస్వాములకు పంపకం దగ్గర పొత్తు కుదరలేదు! పెద్దల తగాదా ఊరికి మేలు చేసిందన్నమాట.

మరి గట్లు లేకపోతే పక్కవాడి చెక్కలోకి నాగలి పోదా? పోతుంది. అందుకే నవంబరు నెలాఖరులో ఊరి జ్యూరీ గోధుమ పొలంలోకి దిగి, హద్దు చూసి మేకులు పాతుతుంది. ఎవరైనా దాటి దున్నితే జరిమానా. తరువాతి వారం కోర్ట్ లీట్ అనే గ్రామ న్యాయసభలో ఆ లెక్క తేలుతుంది. గట్టు జరిపితే ఎంత గొడవో మన పల్లెల్లో పెరిగినవారికి వేరే చెప్పాలా!

1635లో మార్క్ పియర్స్ అనే సర్వేయరు గీసిన ఈ ఊరి పటం ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. దాన్ని పట్టుకుని నడిస్తే ఈ పొలాలను ఇప్పటికీ గుర్తుపట్టవచ్చు. చెక్కలు మాత్రం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కలిపేసి పెద్దవి చేశారు.

1952లో ప్రభుత్వం ఈ ఊరిని కొన్నది, 1981లో క్రౌన్ ఎస్టేట్‌కు వెళ్లింది, 2020లో థోర్స్‌బీ ఎస్టేట్ కొనుక్కుంది. రైతులు కౌలుదార్లే. కాబట్టి యజమాని మారినప్పుడల్లా ఈ పద్ధతి ఉంటుందా పోతుందా అనే ప్రశ్న మళ్లీ వస్తూనే ఉంటుంది.