ఇంగ్లీషు మాటల్లో పొద్దు, సాలు

ఇంగ్లీషు పీరియడ్ అనగానే మనలో చాలామందికి గుండె దడ. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, ఇంగ్లీషు మూడోది. స్పెల్లింగు బట్టీ పడతాం గాని అర్థం మనసుకు అంటదు. అందుకే నాలుగు మాటల పుట్టుక రాస్తున్నాను. ఇవన్నీ మనం ఎరిగిన సంగతుల నుంచే పుట్టినాయి.

ఓరియెంటేషన్: కొత్తగా చేరినవాళ్లకు పద్ధతులు చెప్పే క్లాసు. లాటిన్ భాషలో 'ఓరియెన్స్' అంటే ఉదయించేది, అనగా పొద్దు పొడిచే దిక్కు. తూర్పు తెలిస్తే తక్కిన దిక్కులు తెలిసినట్లే. మన దగ్గరా అంతే. సంస్కృతంలో 'దక్షిణ' అంటే కుడివైపు అని కూడా అర్థం. నందిపేట్‌లో పొద్దున సూర్యునికి ఎదురుగా నిలబడండి. కుడిచేతి దిక్కు నిజామాబాద్, ఎడమచేతి దిక్కు గోదావరి. సాంఘిక శాస్త్రంలో చదివే దక్కన్ పీఠభూమి పేరు కూడా ఈ 'దక్షిణ' నుంచి వచ్చిందే. ఇక పొద్దు పడే దిక్కు పడమర.

లెర్న్: దీని పాత వేరుకు జాడ, సాలు అని అర్థం. ముందు పోయినవారి జాడ పట్టుకొని పోవడమే నేర్చుకోవడం. దీని దూరపు చుట్టం లాటిన్ మాట 'లీరా', అంటే చేలో సాలు. జబ్బు ముదిరి మతి తప్పి పలవరిస్తే డాక్టర్లు 'డెలీరియం' అంటారు. సాలు తప్పడమని దాని అసలు అర్థం. పసుపు చేను చూసినవాళ్లకు వేరే చెప్పాలా!

ఎడ్యుకేషన్: లాటిన్‌లో 'ఎడ్యుకారే' అంటే సాకడం, పెంచి పెద్దచేయడం.

స్కూల్: గ్రీకు భాషలో 'స్ఖోలే' అంటే తీరిక! తీరిక ఉన్నవాళ్లు కూర్చొని చర్చించేవారు. ముందు ఆ చర్చకు, తర్వాత అది జరిగే చోటుకు అదే పేరైంది. ఇది చదివి నాకు నవ్వొచ్చింది. పొద్దున గంట కొట్టింది మొదలు రాత్రి స్టడీ అవర్ దాకా మనకు తీరికెక్కడిది? కాని ఆలోచిస్తే నిజమే. పసుపు తవ్వే రోజుల్లో మన ఈడు పిల్లలు కొందరు కూలికి పోతుంటే మనం పుస్తకం ముందు కూర్చుంటున్నాం. ఈ తీరిక ఊరికే రాలేదు. మన వంతు పని కూడా అమ్మానాన్నలే చేస్తున్నారు. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఈ మాట అర్థం వాళ్లకు చెప్పండి.

పెద్ద డిక్షనరీల్లో మాట పక్కనే దాని పుట్టుక ఉంటుంది. వెదికే అలవాటు చేసుకుంటే భయం పోతుంది.

ఇక మీకొక ప్రశ్న. 'ప్యూపిల్' అంటే విద్యార్థి, కంటిపాప కూడా. ఒకే మాటకు ఈ రెండర్థాలు ఎట్లా వచ్చినాయి? మన తెలుగు 'కంటిపాప'లోనే జవాబు దాగి ఉంది. వెదకండి!