3000 వాట్స్ అన్నారు.. ఫ్యూజులు చూస్తే 30 ఆంపియర్లే!

సంక్రాంతికి ఊరెళ్లేలోపు కారులో బేస్ అదిరిపోవాలి. పోయినేడాది నా టార్గెట్ అదొక్కటే. మాది మధిర. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తా. సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ ఒకటి కొని ఇంటి దగ్గరే ఉంచా. వారమంతా నాన్న నడుపుతారు. సెలవులకు వెళ్తే స్టీరింగ్ నాది. మా వైపు మిరప బస్తాలు తోలే ట్రాక్టర్లకు కూడా సౌండ్ బాక్సులుంటాయి. అవి పక్కనుంచి వెళ్తుంటే నా కారు అద్దాలు వణికేవి. నా పాట నాకే వినపడేది కాదు. అవమానం అనిపించింది, నిజం చెప్పొద్దూ!

ఓ షాపుకెళ్లా. 12 అంగుళాల సబ్ వూఫర్, డబ్బా, యాంప్లిఫయర్, వైరింగు అన్నీ కలిపి 9 వేలు. యాంప్ మీద మెరిసే అక్షరాల్లో ‘3000 వాట్స్’ అని ఉంది. ఇంజినీరింగ్‌లో ఓమ్స్ లా రాసి పాసైనవాణ్ని, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పాట పెట్టగానే గుండెల మీద గుద్దినట్టు అనిపించింది. డబ్బులిచ్చి వచ్చేశా.

మూడో వారం నానమ్మను ఖమ్మంలో డాక్టరుకు చూపించి తిరిగొస్తున్నాం. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆమెకు వాకర్ కావాలి. డిక్కీ నిండా నా డబ్బానే కాబట్టి, వాకర్‌ను వెనక సీట్లో నానమ్మ కాళ్ల మీద అడ్డంగా పెట్టాం. బోనకల్ దాటాక ‘ఏందిరా, టైరు కాలుతున్న వాసన?’ అంది. అంతలో పాట ఆగిపోయింది. నాన్న కాళ్ల దగ్గర కార్పెట్ కింద నుంచి సన్నగా పొగ.

కారు పక్కకు తీసి, ముందు నానమ్మను దింపాం. బానెట్ ఎత్తాను గానీ చేతిలో పానా లేదు. అటుగా వెళ్తున్న ట్రాక్టర్ ఆయన ఆగి 10 నంబరు పానా ఇచ్చాడు. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీశాకే పొగ తగ్గింది. (ఆ ట్రాక్టరుకూ సౌండ్ బాక్సులున్నాయి. ఇక వాటిని తిట్టుకోవడం మానేశా.)

తర్వాత తెలిసినాయన దగ్గర విప్పించి చూస్తే విషయం అర్థమైంది. బ్యాటరీ నుంచి లోపలికొచ్చే తీగను ఇంజిన్‌కూ మన కాళ్లకూ మధ్య ఉండే రేకు కంతలోంచి దూర్చారు. ఆ కంతకు రబ్బరు బుష్ వేయలేదు. అదురుకు రేకు అంచు తీగ తొడుగును కోసేసింది. పాజిటివ్ తీగ బాడీకి తగిలితే షార్టే. ‘యాంప్‌కి ఫ్యూజు ఉందిగా’ అనుకుంటాం. ఉంది, కానీ అది తీగకు అవతలి చివర ఉంది. అది యాంప్‌ను కాపాడుతుంది, తీగను కాదు. తీగను కాపాడాలంటే బ్యాటరీ దగ్గరే, 45 సెంటీమీటర్ల లోపు ఇంకో ఫ్యూజు పడాలి. మాకు అది పెట్టనే లేదు. రెండు మూడొందలకు దొరికే ఫ్యూజు హోల్డర్ అది.

అప్పుడు కూర్చుని చదివా. ఆ పని ముందే చేయాల్సింది.

మొదటి మోసం వాట్స్‌ది. డబ్బా మీద పెద్దగా రాసేది పీక్ లేదా మ్యాక్స్ పవర్. క్షణకాలం తట్టుకునే అంకె అన్నమాట. మనం చూడాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇచ్చే పవర్. పేరున్న కంపెనీలూ రెండూ రాస్తాయి. సోనీ ఎక్స్‌ఎస్-ఏడబ్ల్యూ8 అనే సీటు కింద పట్టే సబ్ వూఫర్ మీద 160 వాట్స్ కనిపిస్తుంది, ఆర్‌ఎంఎస్ చూస్తే 75. అది మోసం కాదు, చిన్న అక్షరాలు కూడా చదవాలంతే. ఆర్‌ఎంఎస్ ఎక్కడా రాయని డబ్బాను మాత్రం అక్కడే వదిలేయండి.

రాయకపోయినా లెక్క తేల్చే చిట్కా ఒకటుంది. యాంప్‌కున్న ఫ్యూజుల అంకెలు కూడండి. నా దానికి 15 ఆంపియర్లవి రెండు, మొత్తం 30. ఇంజిన్ ఆన్‌లో ఉంటే కారు వోల్టేజీ దాదాపు 13.8. గుణిస్తే 414 వాట్స్. ఇది లోపలికి వెళ్లేది. క్లాస్ ఏబీ యాంప్ అందులో మహా అయితే 60 శాతం పాటగా మారుస్తుంది, మిగతాది వేడి. అంటే 250 వాట్స్ వస్తే గొప్ప. మిగతా 2750 స్టిక్కర్‌లో ఉన్నాయి! క్లాస్ డీ అయితే 80 శాతం దాకా పని చేస్తుంది, సైజూ చిన్నది, బ్యాటరీ మీద భారమూ తక్కువ. తక్కువ బడ్జెట్‌లో సబ్ వూఫర్‌కు క్లాస్ డీ మోనో యాంపే నయం.

ఇంకోటి. వాట్స్ రెట్టింపైతే సౌండు రెట్టింపు కాదు, పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి. అందుకే స్పీకర్ సెన్సిటివిటీ చూడండి. 87 డెసిబెల్స్ దానికన్నా 90 డెసిబెల్స్ ది సగం పవర్‌తోనే అంతే మోగుతుంది. ఈ అంకెను ఎవరూ పట్టించుకోరు, నేనూ పట్టించుకోలేదు.

ఓమ్స్ దగ్గర జాగ్రత్త. డ్యూయల్ వాయిస్ కాయిల్ 4 ఓమ్స్ సబ్ వూఫర్‌ను ప్యారలల్‌గా కలిపితే 2, సిరీస్‌లో కలిపితే 8 అవుతుంది. మీ యాంప్ 2 ఓమ్స్ తట్టుకుంటుందో లేదో కాగితం మీద చూశాకే కలపమనండి. తీగల్లో చవకవి అల్యూమినియం మీద రాగి పూత వేసినవి. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తాయి. అవే వాడాలంటే ఒక సైజు లావువి తీసుకోండి.

డబ్బానా, సీటు కిందదా? డిక్కీ ఖాళీగా ఉండే కారైతే, డబ్బు తక్కువైతే, 10 అంగుళాల సబ్ వూఫర్‌ను సీల్డ్ డబ్బాలో పెట్టుకోండి. చోటు తక్కువ తింటుంది, దెబ్బ శుభ్రంగా పడుతుంది. పోర్టెడ్ డబ్బా అదే పవర్‌కి ఎక్కువ మోగుతుంది గానీ సైజు పెద్దది. నాకు ఆ ఆప్షనే లేదు. డిక్కీ నానమ్మ వాకర్‌కి, అమ్మ పచ్చడి జాడీలకి కావాలి. అందుకే లోపలే యాంప్ ఉన్న 8 అంగుళాల అండర్ సీట్ రకం తీసుకున్నా. కోఠి గుజరాతీ గల్లీలో రెండు మూడు షాపుల్లో నా ఫోన్లోని పాటే పెట్టించుకుని విన్నా. సీటు కింద ఎత్తు కొలుచుకుని వెళ్లడం మర్చిపోకండి. రాగి తీగల కిట్, బ్యాటరీ దగ్గర ఫ్యూజు, రబ్బరు బుష్, కూలీ అన్నీ కలిపి 14 వేల లోపే అయింది. ముందు తగలేసిన 9 వేలు లెక్కలో వేయలేదు, నాన్న వేశారు.

కంపెనీ స్టీరియో మార్చలేదు. స్పీకర్ తీగల నుంచే సిగ్నల్ తీసుకునే హై లెవల్ ఇన్‌పుట్ ఉన్నది ఎంచుకున్నా. ఫిట్టింగ్‌లో తీగలు కోయనివ్వలేదు, కప్లర్ వాడమన్నా. కొత్త కారుంటే వారంటీ కోసమైనా ఇది పట్టుబట్టాలి. గెయిన్ నాబ్ అంటే వాల్యూమ్ కాదు. స్టీరియో ముప్పావు వాల్యూమ్‌లో పెట్టి, గెయిన్‌ను సున్నా నుంచి మెల్లగా తిప్పుతూ, సౌండు పగిలినట్టు అనిపించగానే కొంచెం వెనక్కి తిప్పాలి. లో పాస్ ఫిల్టర్ 80 హెర్ట్జ్ దగ్గర ఉంచా. అంతకన్నా పైకి పెడితే పాడేవాళ్ల గొంతు కూడా సీటు కింద నుంచే వస్తుంది.

బేస్ ట్రాక్టర్ స్థాయిలో లేదు. 40 హెర్ట్జ్ కిందకి వెళ్తే 8 అంగుళాల దానికి ఊపిరందదు, గుండె మీద గుద్దదు. కానీ డప్పు దరువు దరువులాగే వినిపిస్తోంది. వాల్యూమ్ కూడా తగ్గించా. చెవులకు 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు ఫర్వాలేదంటారు, 100 అయితే పావుగంటే.

పోయిన వారం ఖమ్మం వెళ్లొచ్చాం. వాకర్ డిక్కీలో పట్టింది. నానమ్మ వెనక సీట్లో కాళ్లు చాపుకుని నిద్రపోయింది. నాన్న మాత్రం బోనకల్ దగ్గర పాట ఆపేసి, కార్పెట్ మీద చెయ్యి పెట్టి చూశారు. ఇప్పుడు నంబరు ప్లేటు గిలగిల కొట్టుకుంటోంది, దాని వెనక స్పాంజి అతికించాలి.