కుక్క కాటుకు చెప్పు దెబ్బ కాదు, సబ్బు నీళ్ళు

మా వైపు ఒక ఊరుంది. పేరు చెప్పను. చెబితే వచ్చే ఆదివారం అక్కడి వరసలో ఇంకో పది మంది చేరతారు. ఆదివారం తెల్లారేసరికి ఆ ఊరి చెరువుగట్టు మీద ఆటోలు బారులు తీరి ఉంటాయి. పిల్లల్ని చంకనెత్తుకున్న తల్లులు, పిక్కకు గుడ్డ చుట్టుకున్న రైతులు పరగడుపున నిలబడి ఉంటారు. ఒక పెద్దాయన ఏవో ఆకులు నూరి, పసరు పిండి, ఒక్కొక్కరి నోట్లో పోస్తాడు. డబ్బు అడగడు. అడగడు కాబట్టే అంత నమ్మకం. పసరుతో పాటు పథ్యం చెబుతాడు: నలభై రోజులు మాంసం ముట్టొద్దు, వంకాయ తినొద్దు, గుమ్మడికాయ జోలికి పోవద్దు. ఆఖరున అసలు మాట: సూది మాత్రం వేయించుకోవద్దు, వేయించుకుంటే మందు విరిగిపోతుంది.

వంకాయ మానేస్తే ఎవరూ చావరు. సూది మానేస్తే చస్తారు.

ఈ మధ్య ఆ మాట చెరువుగట్టు దిగి ఫోన్లలోకి ఎక్కింది. గొంతు ఎవరిదో తెలియని వాయిస్ మెసేజ్ ఒకటి గ్రూపు నుంచి గ్రూపుకు తిరుగుతోంది: “టీకాలు వేసుకున్నవాళ్ళే పోతున్నారు, పసరు తాగినవాడు ఒక్కడూ పోలేదు.” దాని ఫలితం చూడాలంటే పీహెచ్‌సీలో కుక్కకాటు రిజిస్టరు తిప్పితే చాలు. మొదటి డోసు గడిలో తేదీ ఉంటుంది. మూడో రోజు గడి ఖాళీ. ఏడో రోజు గడి ఖాళీ. ఏఎన్ఎం ఫోన్ చేస్తే, “మందు తాగించాం లేమ్మా” అని అవతలి నుంచి జవాబు.

అపోహ: పసరు తాగినవాడు ఒక్కడూ చావలేదు

ఒక్కడూ అన్నది అబద్ధం, చాలామంది చావలేదన్నది నిజం. ఏమీ తాగకపోయినా వాళ్ళలో చాలామంది చచ్చేవారు కాదు. కరిచిన ప్రతి కుక్కకూ పిచ్చి ఉండదు. పిల్లల దగ్గరికి వెళితే తల్లికుక్క కరుస్తుంది. తోక తొక్కితే కరుస్తుంది. బండి వెంట పడి సరదాకీ కరుస్తుంది. పిచ్చికుక్కే కరిచినా ప్రతి కాటుతోనూ రోగం అంటుకోవాలని లేదు, మందపాటి ప్యాంటు కొంత చొంగను తుడిచేస్తుంది. అంటే ఆ వరసలో నిలబడ్డవాళ్ళలో చాలామందికి అసలు రోగమే సోకలేదు. సోకని రోగాన్ని నయం చేయడం కంటే తేలికైన వైద్యం లోకంలో లేదు. పసరు బదులు చిలికిన మజ్జిగ పోసినా పెద్దాయనకు ఇంతే పేరొచ్చేది.

మరి నిజంగా రోగం సోకిన దురదృష్టవంతుడి సంగతి? రేబీస్ మర్నాడే బయటపడే జబ్బు కాదు. మామూలుగా 1 నుంచి 3 నెలలు పడుతుంది. ఒక్కోసారి వారానికే రావచ్చు, ఒక్కోసారి ఏడాది దాటవచ్చు. అప్పటికి కాటు మానిపోయి, కుక్క సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయి ఉంటారు. ఓ రోజు ఆ పాత మచ్చ దగ్గర తిమ్మిరి మొదలవుతుంది. జ్వరం వస్తుంది. తర్వాత గ్లాసు నీళ్ళు నోటి దగ్గరికి తెస్తే గొంతు బిగుసుకుపోతుంది, ఫ్యాను గాలి తగిలినా ఒళ్ళు ఎగిరెగిరి పడుతుంది. అప్పుడు ఇంటివాళ్ళు పరిగెత్తేది చెరువుగట్టుకు కాదు, జిల్లా ఆసుపత్రికి, అక్కణ్ణుంచి హైదరాబాదు నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కు. లక్షణాలు కనబడ్డాక ఏ డాక్టరూ చేయగలిగింది లేదు. దాదాపు నూటికి నూరుమందీ పోతారు. పోయేది ఆసుపత్రి మంచం మీద కాబట్టి చెడ్డపేరు ఆసుపత్రికి. “పథ్యం తప్పాడు, దొంగచాటుగా కోడికూర తిన్నాడు” అన్న నింద చచ్చినవాడికి. పెద్దాయన లెక్క మాత్రం చెక్కుచెదరదు. పథ్యం ఎందుకు పెట్టారో ఇప్పుడైనా అర్థమైందా? రోగి కోసం కాదు, వైద్యుడి కోసం.

పసరు ఎందుకు పనిచేయదో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కుక్క చొంగలోని వైరస్ గాయంలో దిగుతుంది. అక్కడి కండలో కాసేపు నిలుస్తుంది, అందిన నరాన్ని పట్టుకుంటుంది, ఆ నరం వెంటే మెల్లగా పాకుతూ వెన్నుపాముకూ, మెదడుకూ చేరుతుంది. పసరు పోయేది పేగుల్లోకి. వైరస్ పోయేది నరాల దారిన. రెండూ ఎక్కడా ఎదురుపడవు. ముఖం మీదో, మెడ మీదో, వేళ్ళ మీదో కరిస్తే ప్రమాదం ఎక్కువ కావడానికి కారణం కూడా ఇదే: మెదడుకు దూరం తగ్గుతుంది, లేదా అక్కడ నరాలు దట్టంగా ఉంటాయి. పిల్లల ఎత్తుకు కుక్క నోరు అందేది సరిగ్గా ముఖమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అనుమానపు జంతువుల కాటుకు గురైనవారిలో నూటికి 40 మంది 15 ఏళ్ళలోపు పిల్లలు. ప్రపంచంలోని రేబీస్ చావుల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనే. పసరు పోసే చేతులకు మన దగ్గర కొరత లేకపోవడానికీ, ఈ లెక్కకూ సంబంధం లేదనుకుంటే అది మన భ్రమ.

ఇక “టీకా వేసుకున్నా పోతున్నారు” అన్న మాట. 2022లో కేరళలో అలాంటి చావులు జరిగాయి, దేశమంతా ఉలిక్కిపడింది. ఆ టీకాను కసౌలిలోని కేంద్ర ఔషధ ప్రయోగశాలలో పరీక్షించారు, నాణ్యత సరిగ్గానే ఉందని తేలింది. మరి లోపం ఎక్కడ ఉంటుంది? టీకా వేసిన క్షణం నుంచే రక్షణ మొదలవదు. ఒంట్లో యాంటీబాడీలు తయారు కావడానికి వారం, రెండు వారాలు పడుతుంది. గాయం లోతుగానో, ముఖం మీదో ఉంటే వైరస్ అన్నాళ్ళు ఆగకపోవచ్చు. అందుకే అలాంటి గాయాలకు టీకాతో పాటు రేబీస్ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి. అది తయారైన యాంటీబాడీలే. మనిషి బరువును బట్టి లెక్కగట్టి, సరాసరి గాయంలోనూ చుట్టూతా ఎక్కిస్తారు. నొప్పి ఉంటుంది, ఓర్చుకోవాలి. గాయం కడగకపోవడం, ఈ మందు అందకపోవడం, ఆలస్యంగా రావడం, మధ్యలో మానేయడం... టీకా మీద పడుతున్న నిందలో చాలా భాగం వీటిదే.

సూది వేస్తే పసరు విరిగిపోతుందా? విరిగిపోనివ్వండి. విరగడానికి అందులో ఏదైనా ఉంటే గదా. ఇప్పటికే పసరు తాగి ఊరుకున్నవాళ్ళు ఈ పేజీ చదవడం అయిపోగానే పీహెచ్‌సీకి బయలుదేరండి. కరిచి వారమైనా, నెల అయినా, లక్షణాలు రానంతవరకు టీకాకు వేళ మించిపోలేదు.

అపోహ: బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు

ఈ భయంతోనే పిల్లలు కుక్క కరిచిందని ఇంట్లో చెప్పరు, పెద్దలు చెరువుగట్టు దారి పడతారు. అది తాతల కాలం ముచ్చట. కసౌలిలో డేవిడ్ సెంపుల్ 1911లో తయారుచేసిన పద్ధతిలో, గొర్రె మెదడు నుంచి తీసిన టీకాను రోజుకొకటి చొప్పున పొట్టలో పొడిచేవారు. కొందరికి దానివల్ల నరాల జబ్బులూ వచ్చేవి. 2004 తర్వాత మన దేశంలో ఆ టీకా తయారీయే లేదు. ఇప్పుడు వేసేది భుజానికి, చిన్నపిల్లలకైతే తొడకు. పొట్టనెవరూ ముట్టుకోరు. సూది అయ్యాక పిల్లవాడు బడికి పోవచ్చు.

అపోహ: సర్కారు ఆసుపత్రిలో చుక్క మందు వేసి మిగతాది మింగేస్తారు

ప్రైవేటులో కండకు ఒక పూర్తి డోసు చొప్పున 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదుసార్లు వేస్తారు. సర్కారు ఆసుపత్రిలో చర్మంలోకి, ఒక్కో చేతికి 0.1 మిల్లీలీటరు చొప్పున, 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు వేస్తారు. చర్మంలో రోగనిరోధక కణాలు దట్టంగా ఉంటాయి కాబట్టి కొద్ది మందు సరిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకున్న పద్ధతి ఇది, మన దేశంలో 2006 నుంచి అనుమతి ఉంది. ఒక సీసా నలుగురికి పంచితే అది దొంగతనం కాదు, పొదుపు. సర్కారు ఆసుపత్రి మీద కోపం ఉంటే తీర్చుకోవడానికి వేరే కారణాలు బోలెడున్నాయి. స్టాకు లేదని తిప్పి పంపడం అందులో మొదటిది.

అపోహ: కుక్కను పది రోజులు చూసి, అప్పుడు చూద్దాం

ఇందులో సగం నిజముంది, ఒప్పుకోక తప్పదు. చొంగలో వైరస్ వచ్చేసరికి కుక్కకు చావు దగ్గరపడినట్టే. అందుకే కరిచిన కుక్క పది రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా తిరుగుతుంటే, కరిచిన నాడు దాని చొంగలో వైరస్ లేనట్టే. ఈ లెక్క ఎవరో అమ్మమ్మ చెప్పింది కాదు, డాక్టర్లూ వాడేదే. పనికిరాని సగం “అప్పుడు చూద్దాం” అన్నది. చూడాలి, కానీ మొదటి సూది వేయించుకుని చూడాలి. పది రోజులు గడిచాక కుక్క బాగుంటే, మిగతా డోసుల్లో ఏది వేయాలో ఏది ఆపవచ్చో డాక్టరు చెబుతారు. పైగా ఇది ఇంట్లో కట్టేసి ఉంచిన కుక్కకూ పిల్లికీ వర్తించే మాట. వీధికుక్క పది రోజులు మీ కళ్ళెదుటే ఉంటుందా? మూడో రోజుకు అది పక్క వాడలో ఉంటుంది. నాలుగో రోజు కనబడే కుక్క అదేనని ఒట్టేసి చెప్పేవాళ్ళు ఉంటారు, వాళ్ళ మాట నమ్మి ప్రాణం పణంగా పెట్టకండి.

చిల్లర అపోహలు, ఒక్కో మాటలో

కుక్కపిల్ల కరిస్తే ఏం కాదు: వైరస్ కుక్క వయసు అడగదు. రక్తం రాలేదు, గోరు గీరుకుందంతే: అయినా టీకా కావాలి. చర్మం చిట్లని చోట నాకితే మాత్రం కడుక్కుంటే చాలు. మా ఇంటి కుక్కే: టీకా వేయించిన చీటీ చూపండి. ఆ కుక్క నీళ్ళు తాగింది కాబట్టి పిచ్చి లేదు: నీళ్ళ భయం మనిషికి వచ్చే లక్షణం, పిచ్చికుక్క నీళ్ళు తాగగలదు. ఎండాకాలంలోనే పిచ్చి పడుతుంది: ఏడాదంతా పడుతుంది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు సూది కూడదు: వాళ్ళకూ వేయాల్సిందే. కోతి కరిస్తే పర్లేదు, హనుమంతుడు: దండం పెట్టుకోండి, తర్వాత టీకా వేయించుకోండి. టీకా వేసుకుంటే మాంసం తినకూడదు: తినండి.

మరి ఏం చేయాలి?

కుక్క కాటుకు చెప్పు దెబ్బ అన్న సామెత కుక్క మీద కోపం తీర్చుకోవడానికే తప్ప గాయానికి పనికిరాదు. గాయానికి కావలసింది సబ్బు, పారే నీళ్ళు, 15 నిమిషాలు. రేబీస్ వైరస్ మీద కొవ్వు పొర ఉంటుంది, జిడ్డు గిన్నెను తోమినట్టు సబ్బు దాన్ని కరిగించేస్తుంది. ఇంత చవకైన మందును వదిలేసి మనవాళ్ళు కారం, సున్నం, పసుపు, కాఫీపొడి గాయానికి కూరుతారు. కారం మంట పుట్టిస్తుంది, గాయాన్ని రేపుతుంది, వైరస్‌ను మాత్రం ఏమీ చేయదు. 15 నిమిషాలంటే గడియారం చూసి 15 నిమిషాలు. కడిగాక బెటాడిన్ రాయండి. కట్టు కట్టకండి. ఆర్‌ఎంపీ కుట్లు వేస్తానంటే ఒప్పుకోకండి, సూదిపోటుతో వైరస్ ఇంకా లోపలికి దిగవచ్చు. తప్పనిసరైతే కుట్లు ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చాక వేస్తారు.

తర్వాత అదే రోజు పీహెచ్‌సీకి. రక్తం వచ్చిందా, “ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కడ దొరుకుతుంది?” అని నోరు తెరిచి అడగండి. చిన్న ఆసుపత్రిలో ఉండకపోవచ్చు, ఏరియా ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో రాసివ్వమనండి. మొదటి సూది పడిన ఏడు రోజుల్లోపే అది పనికొస్తుంది, తర్వాత వేయరు. సున్నా రోజు అంటే కుక్క కరిచిన రోజు కాదు, మొదటి సూది పడిన రోజు. అక్కణ్ణుంచి మూడు, ఏడు, ఇరవై ఎనిమిది లెక్కపెట్టి క్యాలెండర్ మీద గుండ్రాలు చుట్టండి. ఆ రోజు కూలి పోతుందనో, పొరుగూళ్ళో పెళ్ళనో వాయిదా వేయకండి. ఊరెళ్ళినా చీటీ పట్టుకెళ్ళండి, ఏ పీహెచ్‌సీలోనైనా తర్వాతి డోసు వేస్తారు.

ఇంటి కుక్కకూ ఏటా టీకా వేయించండి. 1885 జులై 6న లూయీ పాశ్చర్ కుక్క కరిచిన తొమ్మిదేళ్ళ పిల్లవాడికి తొలి రేబీస్ టీకా ఇప్పించాడు. ఏటా ఆ రోజున మన పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. పిల్లలకు ఇంకో మాట చెప్పి ఉంచండి: కుక్క కరిస్తే తిట్టం, కొట్టం, వెంటనే చెప్పు.

చెరువుగట్టు పెద్దాయన మోసగాడని నేననను. తన పసరు మీద ఆయనకు నమ్మకం ఉంది, ఆయన మీద జనానికి నమ్మకం ఉంది. ఆ నమ్మకంతో ఆయన ఒక్క మంచిపని చేయవచ్చు: “సూది వద్దు” అన్న చోట “ముందు సూది వేయించుకుని రండి” అనవచ్చు. పసరు ఆ తర్వాత ఎంతైనా పోయనివ్వండి. రిజిస్టరులో మీ పేరుకు ఎదురుగా నాలుగు గడులుంటాయి. నాలుగూ నిండేదాకా మాత్రం పీహెచ్‌సీ గడప మరిచిపోకండి.