గోడల్లో దాగిన లిస్బన్

పోర్చుగల్ రాజధాని లిస్బన్ అనగానే బెలేం తీరంలోని జెరోనిమోస్ మఠాన్నో, అల్ఫామా కొండ మీది ఇరుకు సందులనో చూపిస్తారు. మసాలా వ్యాపారం సొమ్ముతో 1501లో మొదలైన ఆ మఠం శిల్పం నిజంగా చూసి తీరవలసిందే. అయినా ఈ నగరం అసలు ఘనత బైషా ప్రాంతంలోని సాదాసీదా ఇళ్లలో ఉందని నా నమ్మకం. వాటి గొప్పతనం బయటికి కనబడదు, గోడల లోపల ఉంటుంది.

1755 నవంబర్ 1, సకల పునీతుల పండుగ. చర్చిలు కిక్కిరిసి ఉన్న ఉదయం భూమి కంపించింది. వెనకే టేగస్ నదిలోంచి సునామీ ఎగదన్నింది. ఆపై మంటలు రోజుల తరబడి ఆరలేదు. వేలాదిమంది చనిపోయారు. రాజు మొదటి జోసే మళ్లీ రాతి భవనంలో ఉండటానికే జంకి, అజుడా కొండ మీద కర్రతో కట్టించిన నివాసానికి మారాడు. పాలన పగ్గాలు మంత్రి పొంబాల్ చేతికి వచ్చాయి. ఎనభైకి చేరువైన ఇంజినీరు మాన్యుయెల్ ద మాయా, నగరాన్ని ఉన్నట్టే కట్టడం నుంచి వేరేచోటికి తరలించడం దాకా పలు మార్గాలు లెక్కగట్టి ముందుంచాడు. చివరికి బైషాను చదును చేసి, తిన్నని వీధులతో కొత్తగా కట్టాలని తేల్చారు.

ఆ ఇళ్లలో పై అంతస్తుల గోడలకు ‘గయోలా’ అనే కర్ర చట్రం ఎముకల గూడులా పనిచేస్తుంది. నిలువు, అడ్డ కర్రల నడుమ ఇంటూ గుర్తులా ఏటవాలు కర్రలు బిగించి, ఖాళీల్లో రాళ్లూ సున్నమూ కూరారు. ఒట్టి రాతిగోడ ఊపుకు పగిలిపోతుంది. కర్ర వంగి ఆ కుదుపును తట్టుకుంటుంది. నమూనా చట్రం చుట్టూ సైనికులతో కవాతు చేయించి పరీక్షించారని చెబుతారు. మంటలు పాకకుండా ఇంటికీ ఇంటికీ మధ్య గోడను పైకప్పు దాటేదాకా లేపారు.

ఇళ్లన్నీ ఒకే మూసలో ఉన్నాయనే విమర్శ పాతదే. నిజమే, కిటికీలూ తలుపులూ ఒకే కొలతకు చేయించారు. కానీ శిథిలాల మధ్య నిలువ నీడలేని జనానికి కావలసింది వేగం, భద్రత, నగిషీలు కావు. పొంబాల్ నియంత కదా అనేది ఇంకా బరువైన అభ్యంతరం. 1759లో తావోరా ప్రభువంశం వారిని బహిరంగంగా చంపించిన క్రూరత్వాన్ని ఏ కట్టడమూ కడగలేదు. అయితే ఉత్తర్వు వీధిని తిన్నగా చేయగలదేమో గాని గోడకు బలమివ్వలేదు. ఆ బలం ఇంజినీర్లది, వడ్రంగులది.

తర్వాతి కాలంలో దుకాణాల కోసం కింది గోడలు తొలగించారు, పైన అంతస్తులు పెంచారు. ముందు గోడ ఒక్కటే మిగిల్చి లోపలిదంతా తీసేసిన ఇళ్లూ ఉన్నాయి. దాన్ని వారసత్వ రక్షణ అనడం తప్పు. చట్రం పోయిన ఇల్లు పొంబాల్ కాలపు ఇల్లు కాదు.