రక్షకభటుని మూగవ్యథ

1981వ సంవత్సరము ఏప్రిలు 20వ తేదీ సోమవారము. ఉట్నూరునకు చేరువనున్న ఇంద్రవెల్లిలో నాడు సంత. భూమిహక్కులకొరకును, వడ్డీవ్యాపారుల పీడ వదలించుకొనుటకును గిరిజన రైతుకూలీ సంఘము తలపెట్టిన సభకు ప్రభుత్వము అనుమతి నిరాకరించెను. అయినను గోండులు తండోపతండములుగా వచ్చిరి. పోలీసులు కాల్పులు జరిపిరి. మృతులు 13 మంది యని ప్రభుత్వము ప్రకటించినది; ఆదివాసులు ఆ లెక్కను నేటికిని ఒప్పుకొనరు. పిమ్మట అనేక సంవత్సరములు ఆ తేదీన స్తూపమువద్ద చేరి నివాళి యర్పించుటకు సైతము నిషేధాజ్ఞలు అడ్డు నిలిచినవి. ఆ యన్యాయమును గూర్చి ఎంత వ్రాసినను తక్కువయే.

నేడు మేము వ్రాయదలచినది తుపాకికి ఈవలనున్న వానిని గూర్చి. దీనిని ఆ కాల్పులకు సమర్థనగా ఎవరును భావింపకుందురుగాక. ఉత్తరువునకు లోబడి తుపాకి పేల్చు కానిస్టేబులును ఏదో యొక పల్లెలోని సామాన్యుని బిడ్డయే. కాల్పుల పిమ్మట అతడు తూటాల లెక్క అప్పగింపవలెను. అతని మనస్సు ఏ స్థితిలో నున్నదో విచారించు ఆచారము మాత్రము లేదు. గోండులకు తమ దుఃఖము చెప్పుకొనుటకు ఒక స్తూపమున్నది, బంధుజనమున్నది. ఇతనికి ఏమున్నది? 1959లో లడఖులోని హాట్ స్ప్రింగ్సు వద్ద మడిసిన పదిమంది భటుల స్మృత్యర్థము ప్రతియేట అక్టోబరు 21న కవాతు జరుగును. అది మృతులకు. బ్రతికి వచ్చినవానికి ఏ దినమును లేదు.

ఘోరమును చూచినవాని మనస్సునకు తగులు గాయమును అమెరికా మానసిక వైద్యుల సంఘము ప్రత్యేక వ్యాధిగా తన పట్టికలో చేర్చినది 1980లో, అనగా ఇంద్రవెల్లికి సరిగా ముందటి యేడు. నిద్రలేమి, పీడకలలు, చిన్న చప్పుడునకు ఉలికిపాటు, అకారణకోపము దాని లక్షణములు. మన భటుడు వీనిని ఎవరికి చెప్పుకొనును? తోటివారికి చెప్పినచో "గాజులు తొడుగుకొని ఇంట కూర్చుండు" మందురు. అధికారికి చెప్పినచో చేతి తుపాకి తీసికొని, పనికిరానివాడని వ్రాయునేమో యని భయము. భార్యకు చెప్పుట మగతనమునకు కొరత యని తానే తలంచును. ఇక మిగిలినది సారాదుకాణము. దాని ఫలము ఇల్లాలును, పిల్లలును అనుభవింతురు. ఒక్కొక్కప్పుడు ఠాణాకు మొరపెట్టుకొన వచ్చిన పేదవాని వీపును అనుభవించును.

విశ్రాంతియైన నున్నదా యన్నచో, రోజునకు సగటున 14 గంటల పని యని 2019లో దేశములోని పోలీసులను విచారించి ప్రకటించిన నివేదిక చెప్పుచున్నది. సంఘముగా చేరి మొరపెట్టుకొందమన్న 1966 నాటి చట్టము నోరు నొక్కినది. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రత్యేక పోలీసు బెటాలియనుల భటుల భార్యలే వీధికెక్కి తమ భర్తలను తమకు దక్కనిండని అడుగవలసి వచ్చెను. మగవారు పలుకరాని మాటను ఆడవారు పలికిరి! ఆ యాందోళన పిమ్మట 39 మంది భటులు సస్పెండైరి, పదిమంది ఉద్యోగములే పోగొట్టుకొనిరి. క్రమశిక్షణ ఆవశ్యకమే; కాని మొర చెప్పుటకు వేరు ద్వారము తెరవక శిక్షించుట క్రమశిక్షణ కాజాలదు.

మనోవ్యథ చెప్పుకొనుటకు 2022 నుండి టెలీమానస్ అను సర్కారీ టెలిఫోను, 14416 సంఖ్యపై, అందరికి నున్నది. సంఖ్య యున్నంత మాత్రమున మీసముగలవాడు దానిని త్రిప్పునా? కాల్పులు జరిగినను, శవపంచనామా చేసినను, మూకదాడిని ఎదుర్కొన్నను, అందు పాల్గొన్న ప్రతివాడును, అధికారి మొదలు హోంగార్డు వరకు, వారము లోపల వైద్యుని చూచితీరవలెనని నియమము చేయవలెను. ఆ సంభాషణలో ఒక్క అక్షరమును సర్వీసు పుస్తకమున కెక్కరాదు. అందరును పోవలసియే యున్నప్పుడు ఆ గదిలోనికి పోవుట ఎవనికిని నామర్దా కాదు. ఉట్నూరువంటి చోట్ల భటుడు ఆదిలాబాదు దాక పోకుండ వైద్యుడే నెలకొకమారు ఠాణాకు రావలెను.

మనవంతు కూడ కొంత యున్నది. పండుగ సెలవుమీద ఊరికి వచ్చిన కానిస్టేబులును అరుగుమీది పెద్దలు మొదట అడుగునది "ఎందరిని కొట్టితివిరా?" యని. అతడు నవ్వుచు ఏదో యొక సంఖ్య చెప్పును.