ఉక్కపోతకు లెక్క కట్టాలి

మే నెల వచ్చిందంటే పత్రికల్లో ఉష్ణోగ్రతల పట్టికలో రెంటచింతల, రామగుండం పైన ఉంటాయి. గోదావరి డెల్టాలోని తణుకు, ఏలూరు, తాడేపల్లిగూడెం ఎక్కడో కిందుంటాయి. ఆ పట్టిక చూసి డెల్టా జనం అదృష్టవంతులనుకుంటే పొరపాటే. గాలిలో తేమ 20 శాతం ఉన్నచోట 44 డిగ్రీల ఎండ కాసినా, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 25, 26 డిగ్రీల దగ్గర ఆగుతుంది. తేమ 60 శాతానికి చేరినచోట ఎండ 38 డిగ్రీలే అయినా అదే థర్మామీటరు 31 చూపిస్తుంది. ఒంటి మీద చెమట ఆరుతుందా, కారుతూనే ఉంటుందా అన్నది ఈ తడి ఉష్ణోగ్రతే తేలుస్తుంది. మనిషి దీన్ని 35 డిగ్రీల దాకా తట్టుకోగలడని ఒకప్పుడు అంచనా. అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం 2022లో వెల్లడించిన ప్రయోగాల్లో ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులకే 31 ప్రాంతంలో ఒంటి వేడి అదుపు తప్పడం మొదలైంది. ఇక ముసలివాళ్ళ సంగతి, ఎండలో పనిచేసే కూలీల సంగతి చెప్పేదేముంది?

డెల్టాకు ఒక వేసవిలోనే రెండు రకాల వేడి. పడమటి గాలి బలంగా వీచి సముద్రపు గాలిని తీరం దగ్గరే ఆపేసిన రోజుల్లో వడగాడ్పు. సముద్రపు గాలి లోపలికొచ్చి, వీధిలోకి మాత్రం దూరలేని రోజుల్లో ఉక్క. వడగాడ్పు ఏం చేస్తుందో 2015 మే నెల చూపించింది. దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, అందులో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్ళే. ఉక్క అలా వార్తల్లోకి ఎక్కదు. నిద్ర చెడగొడుతుంది, పని సాగనివ్వదు, కరెంటు బిల్లు పెంచుతుంది. వడగాడ్పు వేళ తలుపులు మూసుకోవాలి, ఉక్క వేళ తెరవాలి. ఈ రెండింటికీ పనికొచ్చే ఇల్లు, వీధి కట్టాలంటే హైదరాబాద్‌కో అహ్మదాబాద్‌కో వేసిన లెక్క అరువు తెచ్చుకుంటే కుదరదు. తణుకు గాలిని తణుకులోనే కొలిచి, తణుకు వీధుల నమూనాలోనే లెక్క వేయాలి.

ఆ లెక్క వేసే పద్ధతులు కొత్తవేమీ కావు. జర్మనీలో మైకేల్ బ్రూజ్ బృందం 1998లో పరిచయం చేసిన ఎన్వీ-మెట్ లాంటి ప్రోగ్రాములు వీధిని రెండు మూడు మీటర్ల గళ్ళుగా విడగొడతాయి. ఏ గడిలో గోడ ఉంది, ఏ గడిలో తారురోడ్డు, ఏ గడిలో చెట్టు, గోడ ఇటుకదా కాంక్రీటుదా, ఏ గంటకు సూర్యుడు ఎక్కడుంటాడు, గాలి ఎటునుంచి వస్తోంది అని చెబితే, ప్రతి గడిలోనూ వేడి, తేమ, గాలి వేగం గంటగంటకూ ఎలా మారతాయో లెక్కగట్టి చూపిస్తాయి. ఇరవై అడుగుల రోడ్డు, రెండు వైపులా జీ ప్లస్ టూ ఇళ్ళు, ముందు ఆరడుగుల కాంపౌండు గోడలు ఉన్న మామూలు వీధినే తీసుకోండి. సముద్రపు గాలి ఇక్కడికి ఎక్కువగా దక్షిణం నుంచి, ఆగ్నేయం నుంచి వస్తుంది. వీధి తూర్పు పడమరలుగా ఉంటే ఆ గాలి డాబాల మీదుగా దాటిపోతుంది. కిందికి దిగిన కాస్త గాలినీ కాంపౌండు గోడ మనిషి ఎత్తులో ఆపేస్తుంది. సాయంత్రం నాలుగింటికి పడమటి ఎండ తిన్న గోడ ఒక పక్క, రోడ్డు ఒక పక్క సెగ చిమ్ముతుంటాయి. అక్కడే ఒక కానుగ చెట్టు కింద గాలి ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలకు మించి తగ్గకపోవచ్చు. ఒంటికి తగిలే సెగ మాత్రం బాగా తగ్గిపోతుంది. పత్రికలో వేసే ఉష్ణోగ్రతకు పట్టని ఈ తేడాను నమూనా పట్టుకుంటుంది.

ఇళ్ళకు కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత తేమ వేడి ప్రాంతాల్లో తెరవగలిగే కిటికీలు, తలుపుల వైశాల్యం ఇంటి కార్పెట్ ఏరియాలో కనీసం ఆరో వంతు ఉండాలంటుంది. మంచి నియమమే. కానీ అది కిటికీ కొలత చెప్పగలదు గానీ, ఆ కిటికీకి గాలి అందుతుందో లేదో చెప్పలేదు. దాన్ని తేల్చేది ఎదురిల్లు, పక్కిల్లు, లేఅవుటు వేసినవాడు రోడ్డును ఎటు తిప్పాడన్నది. వాస్తు పేరిట తూర్పు, ఉత్తరాల్లో ఎక్కువ ఖాళీ వదిలి, దక్షిణాన గోడకు గోడ ఆనించేలా కట్టే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. ఆ నమ్మకాన్ని కాదనక్కర్లేదు. దక్షిణపు గోడలో ఎత్తుగా వెంటిలేటర్లు, వాటికి ఎదురుగా ఉత్తరాన పెద్ద కిటికీలు పెడితే గాలి ఎంత ఆడుతుందో నమూనాలో చూసి, ఆ ప్లానునే మేస్త్రీ చేతికివ్వొచ్చు.

నీళ్ళున్న దేశానికి చల్లదనం గురించి బెంగ దేనికని అడిగేవాళ్ళుంటారు. గోస్తనీ ఉంది, ఏలూరు కాలువ ఉంది, ఏలూరుకు దక్షిణాన కొల్లేరు ఉంది. అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు పక్కనుంటే చల్లగా ఉండదా? అసలు చిక్కు అక్కడే ఉంది. నీరు ఆవిరైతే గాలి ఉష్ణోగ్రత కాస్త తగ్గుతుంది, తేమ పెరుగుతుంది. ఉత్తర భారతంలో సాగునీటి వల్ల నేల చల్లబడినా తేమ వేడి బాధ పెరిగిందని నేచర్ జియోసైన్స్ పత్రికలో 2020లో వచ్చిన అధ్యయనం తేల్చింది. డెల్టాలో ఎండలు ముదిరేసరికి దాళ్వా కోతలు అయిపోయి కాలువలు కట్టేస్తారు. చేపల చెరువులు మాత్రం నిండుగానే ఉంటాయి. పైగా పగలు కాగిన నీరు రాత్రి త్వరగా చల్లారదు. రాయలసీమలో హాయినిచ్చే ఎయిర్‌కూలర్ ఇక్కడ గదిని ఇంకా జిగటగా చేయడానికీ కారణం ఈ తేమే. కాబట్టి ఫౌంటెన్లు, నీటి తుంపర్ల మీద మునిసిపాలిటీ డబ్బు పోయడం కంటే గాలికి దారి, తలకు నీడ చూసుకోవడం మేలు. కొల్లేరును కాపాడుకోవడానికి బోలెడు కారణాలున్నాయి. పట్టణాలను చల్లబరుస్తుందన్నది మాత్రం వాటిలో చేర్చకూడదు.

ఇంకో అభ్యంతరం ఉంది: ఇంటింటికీ ఏసీ వస్తుంటే ఈ లెక్కలెందుకని. టన్నున్నర ఏసీ గదిలోంచి లాగిన వేడికి తాను తిన్న కరెంటు వేడి కూడా కలిపి దాదాపు ఆరున్నర కిలోవాట్లు వీధిలోకి వదులుతుంది. ఇరుకు వీధిలో వరసగా పదిళ్ళలో అవి నడిస్తే ఏసీ లేని పదకొండో ఇంటి కిటికీ తెరవడానికి ఉండదు. అసలు ఏసీ ఎంత అవసరమన్నది కూడా ఆలోచించాల్సిన మాటే. పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి 2008 వేసవిలో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో చేసిన సర్వేలో జనానికి హాయిగా అనిపించిన ఉష్ణోగ్రత 29 డిగ్రీల పైమాటే. అప్పటి ప్రమాణాలు 26 దాటొద్దన్నాయి. తేమ ఎక్కువైన తణుకులో ఆ అంకెను ఉన్నదున్నట్టు వాడలేం. కానీ పైన ఫ్యాను బాగా తిరిగితే రెండు మూడు డిగ్రీలు ఎక్కువున్నా ఓర్చుకోగలం. మామూలు ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను ముప్పై చిల్లర వాట్లు తింటే ఏసీ పదిహేను వందలు తింటుంది. ఇక పైకప్పు సంగతి: హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల పరిశోధకులు చేసి 2012లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే వాణిజ్య భవనాల్లో చల్లదనానికయ్యే కరెంటు 10 నుంచి 19 శాతం ఆదా అవుతుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. తెల్లపూత డెల్టాలోనూ పనిచేస్తుంది, ఎందుకంటే అది తేమ పెంచకుండా వేడి తగ్గిస్తుంది. ఇక్కడ వానలకు, పాచికి అది ఎన్నేళ్ళు తెల్లగా నిలుస్తుందో విడిగా లెక్క వేయాలి.

నమూనాలు తప్పుతాయన్నదీ నిజమే. రేపు ఏలూరు పవర్‌పేటలో సరిగ్గా ఎన్ని డిగ్రీలో ఏ నమూనా చెప్పినా నమ్మనక్కర్లేదు. కానీ ఒకే వీధికి రెండు ప్లానులిచ్చి, ఏది తక్కువ ఉడుకుతుందని అడిగితే, తేడా స్పష్టంగా ఉన్నచోట జవాబు నమ్మదగిందే. చిన్న ఊళ్ళకు ఇంత ఖర్చెందుకన్న మాట కూడా నిలవదు. ఇలాంటి లెక్కకు మంచి కంప్యూటరు ఒకటి చాలు. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. ప్రభుత్వ ప్రణాళికా సంస్థ పెట్టిన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు మండలాల్లో ఉన్నాయి. వాటికి తోడు వీధుల్లో మనిషి ఎత్తున వేడి, తేమ, గాలి కొలిచే పరికరాలు కావాలి. పెద్ద నగరాలు కట్టేసిన వీధులను సరిదిద్దలేక అవస్థ పడుతున్నాయి. ఇక్కడ కొబ్బరి తోటలు, వరి చేలు ప్లాట్లవుతున్నది ఇప్పుడే. ఒకసారి వేసిన రోడ్డు దిక్కు యాభై ఏళ్ళు మారదు. ఏప్రిల్ మధ్య నుంచి రుతుపవనాలు వచ్చేదాకా ఒక్క వేసవి ఈ మూడు పట్టణాల్లో వీధివీధినా కొలతలు తీసి, నమూనాతో సరిచూసి, ఆ తర్వాతి లేఅవుటు ఫైలు మీద సంతకం పెట్టేముందు టౌన్ ప్లానింగ్ అధికారి బల్ల మీద గాలి మ్యాపు కూడా ఉండేలా చేయాలి.